కాశప్ప మామ రాదన్న లైటు

కాశప్ప మామ నోటి నుంచి "అయితది" అనే మాట విన్నవాళ్ళు బీదర్‌లో ఎవరూ లేరు. ఏ పని చెప్పినా ఆయన జవాబు ఒకటే: "అయ్యేది గాదు, పొయ్యేది గాదు." ఆ మాట అనేసి, చొక్కా చేతులు మడిచి, అందరికంటే ముందు ఆ పనిలోకే దిగుతాడు. పెళ్ళినాడు వాన పట్టుకుంటే, తాళి చేత పట్టుకొని మరీ "ఈ లగ్గం అయ్యేది గాదు" అన్నాడని ఆయన భార్య రాచమ్మ నలభై ఏళ్ళుగా చెబుతూనే ఉంది.

ముప్పై ఏళ్ళు హైదరాబాదు బస్సులో కండక్టరుగా చేశాడు. దారిలో మన్నాఏఖేళ్ళి స్టాపులో జనం తలుపు మీద పడితే, "జాగ లేదు, ఎక్కకుండ్రి" అని అరుస్తూనే వంగి ఒక్కొక్కరి రెక్క పట్టి పైకి లాగేవాడు. ముసలమ్మలను తన సీటులో కూర్చోబెట్టి, "ఈ బండి ఊరు చేరదు" అని ధైర్యం చెప్పేవాడు. రిటైరయ్యాక వినడానికి ప్రయాణికులు లేకపోయేసరికి ఆ మాటలన్నీ గల్లీ మీద పడ్డాయి.

ఎదురింటి భాగ్యజ్యోతి బట్టల దుకాణంలో పనిచేస్తుంది. మొదట్లో ఆమెకు కాశప్ప మామ మాటలంటే నవ్వే. ఒక జూన్ నెలలో ఆ నవ్వు పోయింది.

మెయిన్ రోడ్డు మీద బస్సు దిగి గల్లీలోకి రావాలంటే ఒక ఖాళీ జాగ పక్కగా నడవాలి. అది ఎవరిదో ఎవరికీ తెలియదు. మనిషెత్తు సర్కారు తుమ్మ, దాని కింద గల్లీ అంతా కలిసి పారబోసిన కచ్రా, పగిలిన సీసాలు, పందులు. కరెంటు స్తంభం ఉంది కానీ దానికి లైటు లేదు. ఒక సాయంత్రం భాగ్యజ్యోతి కూతురు పింకి ట్యూషన్ నుంచి వస్తుంటే, ఆ పొదల్లోంచి ఒకడు వచ్చి చేయి పట్టుకున్నాడు. పిల్ల వాడి చేతిని కొరికి, ఒక చెప్పు అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తింది. వాడు దొరకలేదు. శిక్ష పింకికి పడింది.

"రేపటి సంది ట్యూషన్ బంద్," అన్నాడు తండ్రి గురునాథ్.

"పొదలు బంద్ చేయాలె గని, చదువెందుకు బంద్ చేస్తవ్?" అంది భాగ్యజ్యోతి.

"ముందుగాల పొదలు పోనీ. అటెన్క సూద్దాం."

ఆమె ఇల్లిల్లూ తిరిగింది. పదకొండు ఇళ్ళవాళ్ళు ఆదివారం వస్తామన్నారు. కాశప్ప మామ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఎవ్వరు రారు బిడ్డా. నువ్వు గూడ రాకు. అయ్యేది గాదు, పొయ్యేది గాదు."

ఆదివారం ఆరింటికి ఆమె కొడవలితో వెళ్ళేసరికి ఆ పదకొండు ఇళ్ళలో ఒక్కరూ రాలేదు. పాత ఖాకీ చొక్కా వేసుకొని కాశప్ప మామ ముళ్ళ మధ్యలో ఉన్నాడు. అప్పటికే ఒక గది అంత జాగ సాఫు చేశాడు.

"చెప్పిన గద, ఎవ్వరు రారని."

"నువ్వొచ్చినవ్ గద మామా."

"ఇది కాదని సూపెట్టనీకి వచ్చిన," అని గొడ్డలి ఎత్తాడు.

కాసేపటికి చెమట తుడుచుకొని హన్మయ్య ఇంటి ముందుకు పోయాడు. "హన్మయ్యా, నువ్వు రాకు. నీ నడుముతోని గాదు." పది నిమిషాల్లో హన్మయ్య పార భుజాన వేసుకొని వచ్చాడు. సంజు జిమ్‌లో కండలు పెంచినవాడు. వాడి కిటికీ కింద నిలబడి, "పండనీయుండ్రి పాపం, వానితోని ఏమైతది" అన్నాడు. సంజు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశాడు. తొమ్మిదింటికి పద్నాలుగు మంది చేరారు. వాళ్ళలో గల్లీ బాగు కోసం వచ్చినవాళ్ళు తక్కువ, కాశప్ప మామ నోరు మూయించడానికి వచ్చినవాళ్ళు ఎక్కువ.

నాలుగు ఆదివారాల్లో జాగ చదునైంది. నర్సరీ నుంచి ఇరవై ఆరు మొక్కలు తెచ్చారు, వేప, కానుగ. చుట్టూ మందారాలు దట్టంగా పెడదామంది భాగ్యజ్యోతి.

"మనిషి దాగేంత పొద ఒక్కటి గూడ వద్దు," అన్నాడు కాశప్ప మామ. "కొమ్మలు పైన ఉండాలె. కింద సూపుకు అడ్డం రావొద్దు."

ఎర్ర మొరం నేలలో గడ్డపారతో గుంతలు తవ్వింది ఎక్కువగా ఆయనే. రోజూ పొద్దున బకెట్లతో నీళ్ళు మోసుకొచ్చి, ఒక్కొక్క మొక్కకు "నువ్వు బతకవు" అని చెబుతూ పోసేవాడు. మొక్కలకు తెలుగు రాదేమో, చిగుళ్ళు వేశాయి.

ఇక మిగిలింది లైటు. మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి అర్జీ ఇస్తానంది భాగ్యజ్యోతి.

"పోకు. లైటు రాదు. నువ్వు దుకాణం ఇడిసిపెట్టి తిరుగుతవ్, వాండ్లు కూసోమని గూడ అనరు."

ఎప్పుడు ఆ మాట ఎత్తినా ఆయన ఇలాగే చన్నీళ్ళు చల్లేవాడు. ఆమె ఇవాళ, రేపు అంటూ ఆగిపోయింది.

అక్టోబరులో ఒక జీపు, దాని వెనక ఒక జేసీబీ వచ్చాయి. జీపులోంచి దిగిన మనిషి ఆ జాగ తనదన్నాడు, కాగితాలు చూపించాడు. "ముండ్లల్ల ఇంత మంచి ప్లాటు ఉన్నదని నాకే తెల్వదు. మీ గల్లీ జనం శాన మంచోళ్ళు," అని అందరికీ చేతులెత్తి దండం పెట్టాడు. పావుగంటలో పంతొమ్మిది మొక్కలు మట్టిలో కలిశాయి. సాయంత్రానికి చుట్టూ తీగ కంచె పడింది. రోడ్డు అంచున ఉన్న ఏడు మాత్రం బతికాయి.

భాగ్యజ్యోతికి ఆ జాగ మనిషిని ఏమనాలో తోచలేదు. పక్కన బకెట్టుతో నిలబడ్డ కాశప్ప మామ కనిపించాడు.

"సంబురమేనా మామా? నువ్వన్నట్టే అయింది. నీ నోట్ల ఎన్నడన్న ఒక్క మంచి మాట వచ్చిందా?"

ఆయన మిగిలిన ఏడింటికీ నీళ్ళు పోసి ఇంటికి పోయాడు. ఆ వారమంతా గల్లీలో ఎవరు ఏ పని చెప్పినా ఆయన కాదనలేదు, అవుననలేదు. రాచమ్మ భయపడి జ్వరమేమోనని నుదురు తాకి చూసింది.

"ముండ్లు పోతే ఏంది, చీకటి గట్లనే ఉన్నది," అన్నాడు గురునాథ్. పింకి పుస్తకాలు మూలకే ఉన్నాయి.

సోమవారం మధ్యాహ్నం భాగ్యజ్యోతి సెలవు పెట్టి మున్సిపాలిటీ ఆఫీసుకు వెళ్ళింది. గల్లీ పేరు వినగానే గుమాస్తా పెన్ను కింద పెట్టాడు.

"మళ్ళీ మీ గల్లీయేనా?" అన్నాడు కన్నడంలో. "ఇప్పుడే గదా ఆ కండక్టరు తాత లేచి వెళ్ళింది."

ఆమెకు అర్థం కాలేదు.

"జులై నుంచి ప్రతి సోమవారం వస్తాడు. అదిగో, ఆ బెంచీ మీద కూర్చుంటాడు. తిట్టాం. ఒకసారి వాచ్‌మన్‌తో బయటికి గెంటించాం కూడా. తిరిగి వచ్చి అక్కడే కూర్చున్నాడు." గుమాస్తా కొంచెం సిగ్గుపడ్డాడు. "నువ్వెందుకు తాతా ఈ తిరుగుడు, ఇంకెవరినైనా పంపరాదా అన్నాను. 'మా గల్లీలో ఒక ఆడబిడ్డ ఉంది. ఆమెను నాలుగుసార్లు తిప్పితే మనసు విరుగుతుంది, మళ్ళీ ఇలాంటి పనికి దిగదు. నన్ను తిప్పండి, నాకు బస్సులో తిట్లు తిని అలవాటే' అన్నాడు."

భాగ్యజ్యోతి అర్జీ కాగితాన్ని చేతిలోనే మడిచింది.

"శుక్రవారం లైటు వేస్తున్నాం. వేసేదాకా గల్లీలో చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడమ్మా. ఆశపడ్డాక రాకపోతే ఓర్చుకోలేరట."

బయటికి పోయే ముందు ఆమె ఆ బెంచీ మీద కాసేపు కూర్చుంది. చెక్క ఒక పక్క విరిగి గుచ్చుకుంటోంది.

శుక్రవారం లైటు వచ్చింది. గురునాథ్ దాని కింద రెండుసార్లు అటూ ఇటూ నడిచి చూసి, పింకి బ్యాగు దుమ్ము దులిపాడు.

సోమవారం సాయంత్రం, ఏడు దాటాక, భాగ్యజ్యోతి చాయ్ పట్టుకొని ఎదురింటికి వెళ్ళింది. కాశప్ప మామ అరుగు మీద లైటు వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె కప్పు ఇచ్చి పక్కన కూర్చుంది.

"పింకి వచ్చిందా?" అన్నాడు ఆయనే.

"వచ్చింది మామా."

"ఎవరన్న పోయి తోలుకొచ్చిన్రా?"

"లేదు. ఒక్కతే నడుసుకుంట వచ్చింది."

ఆయన తల ఊపి, చాయ్ చివరి చుక్క దాకా తాగాడు.

"చక్కెర మస్తు ఎక్కువేసినవ్ బిడ్డా," అని కప్పు ముందుకు జరిపాడు. "ఇంకింత పొయ్యి."