జామతోటకు పెట్టిన తొక్కు

చదువు లేక చెడినవాళ్ల గురించి మీరు చాలా విని ఉంటారు. చదువు వచ్చాక నేను మా జామతోటను ఎలా ముంచబోయానో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు, మా ఆయన తప్ప. ఆయన హుస్నాబాద్ అంగడిలో కనబడ్డ ప్రతివారికీ చెప్పాడు.

ఆ ఏడు మా జామచెట్లు ఒక్కొక్కటే నిలువునా ఎండిపోతున్నాయి. వ్యవసాయాధికారి వచ్చి వేర్లు చూశాడు. మట్టిలోని చెడ్డ బూజు చెట్లను తింటోందనీ, దాన్ని తినే మంచి బూజు ఒకటుందనీ చెప్పి, ట్రైకోడెర్మా పొడి ప్యాకెట్ ఇచ్చాడు. పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి, నీళ్లు చల్లి, గోనెసంచులు కప్పి నీడలో ఉంచాలి. మిగిలిన చెట్ల ప్రాణం ఆ కుప్పలోనే ఉంది.

"సదువొచ్చినదానివి, కుప్ప నువ్వే సూసుకో" అన్నాడు మా ఆయన.

నాకు అక్షరాలు వచ్చింది మనవరాలితో పాటే. ప్యాకెట్ మీది రాతంతా వేలు పెట్టి, పక్క చేనుకు వినబడేలా చదివాను. చదివినదాన్ని పాటించాలని నాకెవరూ నేర్పలేదు మరి!

వారం తర్వాత గోనె ఎత్తి చూశాను. కుప్ప నిండా తెల్లగా, ఆకుపచ్చగా బూజు! ఊరి సగానికి తొక్కు పచ్చళ్లు పెట్టిన చేయి నాది. బూజు పట్టినదాన్ని ఎలా బతికించాలో నాకొక ప్యాకెట్ చెప్పాలా? బూజంతా గీకి పారేశాను. కుప్పను ఎండలో పరిచాను. దోసిళ్లతో ఉప్పు చల్లాను. పసుపు కూడా వేశాను, పిసినారితనం మా ఇంటా వంటా లేదు. మళ్లీ కుప్పచేసి బుద్ధిగా గోనె కప్పాను.

అధికారి చుట్టుపక్కల రైతులందరినీ వెంటేసుకొని వచ్చాడు.

"సూడుండ్రి, ఇప్పుడు కుప్పంత..." అంటూ గోనె ఎత్తి ఆగిపోయాడు. "అమ్మా, బూజు రాలేదా?"

"ఎందుకు రాలే సారూ! మస్తుగ వచ్చింది. జర్రంత లేకుండ తీసేసిన."

ఆయన చిటికెడు తీసి వాసన చూశాడు. "గిదేంది, పసుపా?"

"ఉప్పు గూడ ఏసిన. ఫికర్ చెయ్యకుండ్రి, ఏడాది దాక చెడిపోదు."

"చెడనీకి ఏమున్నదమ్మా, మందును నువ్వే చంపినవు! గీ ఉప్పు వేర్లకు వేస్తే ఉన్న చెట్లు గూడ పోతయి."

మా ఆయన తల పట్టుకున్నాడు. "ఆవాలు, నూనె ఎందుకు మర్శినవే? సారుకు బువ్వల కలిపి పెడుదుము!"

అధికారి సంచిలో ఇంకో ప్యాకెట్ ఉండబట్టి తోట దక్కింది. రెండో కుప్పకు కాపలా మా ఆయనే. నన్ను దాని నీడ కూడా తొక్కనివ్వలేదు.

అప్పుడే ఆ చెట్ల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇక ఈ జన్మలో బూజు మీద చేయి వేయను. ఒట్టంటే ఒట్టే. ఆ వానాకాలం మామిడి తొక్కు జాడీకి బూజొచ్చింది. మా ఆయన మూత తీసి కేకేశాడు: "ఏందే గిది?"

"నీడల వెట్టిన, తడి ఆరనియ్యలే" అన్నాను. "సారును అడగకుండ నేనైతె ముట్ట."