విజ్మా కొట్టేసిన వాక్యం

విజ్మా కల్వానెకీ నాకూ పడదు. ముప్పై ఏళ్ళుగా ఎదురెదురు తలుపుల ఇళ్ళలో ఉంటున్నాం, అయినా పడదు. చెడ్డ మనిషని కాదు. ప్రతి మాటకీ "అసలు దానర్థం ఏంటి?" అని అడిగే మనిషితో రొట్టె కొనడానికి వెళ్ళినా ప్రాణం విసిగిపోతుంది.

ఆమె పని అనువాదం. పుస్తకాలనుకునేరు! బట్టలుతికే మిషన్లు, నీటి పంపులు కొంటే డబ్బాలో ఒక కాగితం వస్తుందే, అవి. నలభై ఏళ్ళుగా వాటిని మా లాట్వియన్‌లోకి దించుతోంది. ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు. ఆ బాధ పైకి చెప్పలేదు గానీ, లైబ్రరీలో ఏ పుస్తకం తీసినా ముందు అనువాదకుల పేరే వెతికేది. నేను చూశాను.

అలాంటిదానికి ఇంగుస్ తగిలాడు. రీగా నుంచి వచ్చి, గౌయా నది ఒడ్డున పాత డెయిరీ కొని, ధ్యాన కేంద్రమని బోర్డు పెట్టిన పెద్దమనిషి. వాడి నెమ్మది మాటలు వింటేనే నాకు ఒళ్ళు మంట. ధ్యానం మీద ఒక ఇంగ్లీషు పుస్తకం ఆమె చేతిలో పెట్టి, "అట్ట మీద మీ పేరు వేస్తానండీ" అన్నాడు. ఆ సంగతి మెట్ల మీద నేనడక్కుండానే నాకు చెప్పింది.

"మెడిటాత్సియా అని రాసేయండి, అందరికీ తెలిసిన మాటేగా" అన్నాడు ఇంగుస్. ఈమె వింటేగా! "అది బయటి మాటకి మన తోక తగిలించడమే. మన పాత మాట అప్‌ట్సెరె అంటే ఒక విషయాన్ని లోతుగా ఆలోచించడం. ఈ పుస్తకమేమో ఆలోచనే వదిలేయమంటోంది. నాకే అర్థం కానిది ఎట్లా రాయను?" అంది. తెలుసుకుందామని వాడి కేంద్రంలో పది రోజులు చాప మీద కూర్చుంది. మోకాళ్ళు పట్టేశాయి తప్ప ఇంకేమీ కాలేదు.

అర్థం జులైలో దొరికింది, శ్మశానంలో. సమాధుల పండుగకి ముందు ఎవరివాళ్ళ సమాధులు వాళ్ళు బాగుచేసుకుంటాం. వాడిన పూలు ఏరేసి, ఇసుక పరిచి, పళ్ళకర్రతో గీతలు దువ్వుతూ, అడుగుజాడ మిగలకుండా వెనక్కి నడిచి బయటికొస్తాం. ఒక్కో ఇంటిది ఒక్కో వరస. మా అమ్మ దగ్గర నేను దువ్వేది ఫర్ చెట్టు కొమ్మ, కల్వానెలది అలలు. ఒకరి ఇసుక ఇంకొకరు ముట్టరు.

విజ్మా వాళ్ళ నాన్న దగ్గర దువ్వుకుంటూ వచ్చి గట్టు దాటి ఆగిపోయింది. "లోనియా, ఇంతసేపూ నేనేం ఆలోచించానే?"

"నన్నడుగుతావేం?"

"ఏమీ ఆలోచించలేదే!" చిన్నపిల్లలా నవ్వి ఇంటికి పరుగెత్తింది. పుస్తకంలో ధ్యానమనే మాట మొదట వచ్చే చోట, దాని కింద ఒక వాక్యం చేర్చింది: "మనవాళ్ళ సమాధి మీద ఇసుక దువ్వుతూ, మన అడుగులు మనమే చెరుపుకుంటూ వెనక్కి రావడం."

అది చదివి ఇంగుస్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఆ ఏడుపేదో అక్కడితో ఆపొచ్చుగా! వాడి వాళ్ళ సమాధులు రీగాలో కూలివాళ్ళు చూస్తారు, వాడికేం తెలుసు? పండుగ రేపనగా, మేమంతా ఇళ్ళలో రొట్టెలు కాలుస్తుంటే, ఇరవై మంది శిష్యుల్ని శ్మశానానికి తోలుకొచ్చాడు.

ఆదివారం బ్యాండుతో, పాస్టరుతో, పూలతో ఊరంతా వెళ్ళాం. శ్మశానం మొత్తం ఒకటే వరస, ఇసుక మీద గుండ్రటి సున్నాలు. మా అమ్మ మీద కొమ్మ లేదు.

ఇంగుస్ గేటు దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. "ప్రేమతో చేశామండీ. అందరివాళ్ళూ మనవాళ్ళే కదా. విజ్మా గారి వాక్యమే మాకు దారి చూపింది" అని, జేబులో కాగితం తీసి చదివాడు కూడా.

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ముందు అరిచింది నేనే. "నీ పేరు అట్టెక్కడానికి మా అమ్మని తొక్కించావటే?"

పోనీ ఆమె సరిచేద్దామన్నా అది ఇంకొకళ్ళ ఇసుక, ముట్టకూడదు. బ్యాండువాళ్ళు ఎండలో ఎదురుచూస్తుంటే మేమంతా మళ్ళీ దువ్వుకున్నాం. ఆమె తన అలలు దువ్వుకుని గేటు దగ్గర నిలబడింది. ఒక్కరూ పలకరించలేదు. నేనూ అంతే.

మర్నాడు ఇంగుస్ ఆమె తలుపు దగ్గరికొచ్చాడు. నేను నా తలుపు వెనక చెవి పెట్టాను, తప్పేముంది?

"ఆ వాక్యం పుస్తకానికి ప్రాణమండీ. మీరన్నట్టు అది కొట్టేస్తే మీ పేరు కూడా ఉండదు, చెప్తున్నాను."

"తీసెయ్."

"ఏది?"

"రెండూ."

తలుపు ధడాలున పడింది. పిచ్చిది! నలభై ఏళ్ళు ఎదురుచూసింది దానికోసమేగా.

శరదృతువులో పుస్తకం లైబ్రరీకొచ్చింది. నేను ముందు వెతికింది అనువాదకుల పేరే. లేదు. వాక్యమూ లేదు. మెడిటాత్సియా అని మాత్రం పేజీకి పదిసార్లుంది.

మళ్ళీ జులై వచ్చింది. మా అమ్మ దగ్గర కొమ్మ దువ్వుకుంటూ వెనక్కొచ్చి గట్టు దాటాను. ఇంతసేపూ నా బుర్రలో ఏమీ లేదని అప్పుడు తెలిసింది. విజ్మా మీద కోపం కూడా లేదు. నాకు ఏడుపొచ్చింది. ఈ సంగతి చెప్పుకోగలిగిన మనిషి ఊళ్ళో ఒక్కతే, నాలుగు సమాధుల అవతల అలలు దువ్వుతోంది.

"ఏమే విజ్మా" అని పిలిచాను.

ఆమె చివరి గీత దువ్వి, పళ్ళకర్ర భుజాన వేసుకుని, నా పక్కనుంచే గేటు దాటి వెళ్ళిపోయింది.