పిన్ను లేని గేరు రాడ్డు

పోయిన నెల సూర్యాపేట బస్టాండు దాటి మా పాత జీపును రెండో గేరులోంచి మూడుకు మారుస్తుంటే గేరు రాడ్డు మొత్తం ఊడి నా చేతిలోకి వచ్చింది. వెనక లారీవాడు ఆగకుండా హారన్ మోగిస్తున్నాడు. నేను రాడ్డును చేతికర్రలా పట్టుకుని నిటారుగా కూర్చున్నాను. నడిరోడ్డు మీద కంగారు పడడం మా ఇంటి పద్ధతి కాదు. ఎవరో నలుగురు చేరి బండిని పక్కకు నెట్టారు. దగ్గర్లోని షెడ్డువాళ్లు లోపలికి తొంగిచూసి, ఇంత పాత బండి తమ వల్ల కాదని, ఊళ్లో ఒక్క ముసలి మెకానిక్‌కే దీని సంగతి తెలుసని చెప్పారు. ఆ మెకానిక్ దొంగ అని, వాడి షెడ్డు ఛాయలకు పోవద్దని మా నాయన బతికినన్నాళ్లూ అనేవాడు. వేరే దారి లేక బండికి తాడు కట్టించి అక్కడికే లాగించుకుపోయాను.

ఆ రాడ్డు వదులుగా ఉండడం వెనక మా ఇంటి చరిత్ర ఉంది. తుంగతుర్తి వైపు మెట్ట భూములున్న మా తాత, మిర్యాలగూడ దగ్గర సాగర్ కాలువ కింద కొంత తరి పొలం కొన్నాడు. ఇల్లు నిలబడ్డదే దాని మీద. తాత పోయాక పట్టా పెదనాయన పేరున ఉంది. నా చిన్నతనంలో ఆయన దాన్ని మిల్లు యజమానికి అమ్మజూపాడు. తమ్ముడైన మా నాయన నలుగురిలో ఎదురు నిలబడి కాదంటే ఆయన సంతకం పెట్టడని అందరికీ తెలుసు. పోయి ఆపుతానని నాయన మా అమ్మకు మాటిచ్చాడు. ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని, డ్రైవర్‌ను తీసుకుని పొద్దున్నే బయల్దేరాడు. మూసీ దాటాక గేరు ఇరుక్కుంది. మిర్యాలగూడ చేరేసరికి రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆ రాత్రి ఇంటికొచ్చాక వాకిట్లో మా అందరి ముందు నాయన డ్రైవర్‌తో, "బండి సూసుకునుడు రాదు నీకు. ఇగ రాకు" అన్నాడు. పన్నెండేళ్లుగా మా ఇంట్లో అన్నం తిన్న మనిషి తాళాలు అరుగు మీద పెట్టి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అమ్మ కన్నుమూసేదాకా ఆ జీపు ఎక్కలేదు. పెళ్లిళ్లకు ఎర్రబస్సులో పోయేది. ముందు బస్సులో అమ్మ, వెనక జీపులో మేము, దారి పొడవునా ఆ దుమ్ము మా మొహాన. నాయన రాడ్డును బాగుచేయించలేదు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, "ఉండనీ, గుర్తుండాలె" అనేవాడు. అది పౌరుషమనుకున్నాను. ఆయన పోయాక నేనూ ట్యూబు మార్చుకుంటూ వచ్చానే తప్ప రాడ్డు ముట్టనివ్వలేదు. వచ్చినవాళ్లకు చూపించి, మా పొలం తిన్న గేరు ఇదేనని కాస్త గొప్పగానే చెప్పుకునేవాణ్ని. నాయన పోయిన రోజు డ్రైవర్ పూలదండ పట్టుకుని వస్తే గేటు దగ్గర నిలిపి, నీ వల్లే మా ఇల్లు ఇట్లయిందని నలుగురూ వినేలా అన్నాను. ఆయన దండను గోడ మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

ముసలి మెకానిక్ బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. రబ్బరు తొడుగు తీసి, దాని కింది మూతను అరచేత్తో అదిమి తిప్పి, లోపల వేలితో తడిమాడు.

"పిన్ను ఇంకా లేదు" అన్నాడు.

"ఇంకా అంటే?"

"నేనే తీసిన గద పటేలా. మీ నాయన తియ్యమంటెనే."

ఇంకెవరి బండో అనుకుంటున్నావన్నాను. ఆయన నవ్వలేదు. "అప్పుడు ఈ దిక్కు ఉన్నయే మూడు జీపులు. ఎట్ల మర్సిపోత? మిర్యాలగూడ పోవాల్సిన ముందు రోజు ఒక్కడే నడుపుకుంట వచ్చిండు. పిన్ను తియ్ అన్నడు. తీస్తే తొవ్వల ఆగుతది పటేలా అన్న. ఆగనియ్ అన్నడు. ఎవలకు చెప్పనని ఒట్టు పెట్టించుకున్నడు. ఆయన పాయె, నేను సుత పోయేటోన్నే. ఇగ దాసి ఏం జేసుకోను?"

పాత వాల్వు ముక్క ఒకటి తీసి ఆకురాయితో అరగదీసి పిన్ను చేశాడు. రాడ్డు దించి, పిన్ను తొడిగి, స్ప్రింగు వేసి మూత బిగించాడు. అంతా కలిపి అరగంట పని. దొంగ అని నాయన పేరు పెట్టిన ఆ మనిషి ముందు ఆ అరగంటా నేను స్టూలు మీద కూర్చున్నాను. వెన్ను నిటారుగానే ఉంది, అలవాటు కొద్దీ.

అక్కడి నుంచి ఇంటికి పోలేదు. డ్రైవర్ కోదాడలో కూతురి దగ్గర ఉంటున్నాడని విన్నాను. అటే పోనిచ్చాను. తలుపు తీసిన కూతురు, "నాన్నా, మీకోసం ఎవరో పెద్దాయన వచ్చారు" అని లోపలికి కేకేసింది. ఆయన గోడ పట్టుకుని వచ్చి, నన్ను చూసి కుర్చీ చూపించాడు. పిన్ను సంగతి నీకు తెలుసా అని అడిగాను.

"తెల్వకుంటె నేనేం డ్రైవర్ను? ఎక్కంగనే చేతికి తెలిసింది. నడువు అన్నడు, నడిపిన. మూసీ దాటినంక ఇరుక్కున్నది. స్క్రూడ్రైవర్‌తోని అయిదు నిమిషాల పని. మీ నాయన నా చెయ్యి పట్టుకున్నడు. కూసో అన్నడు. తుమ్మచెట్టు కింద పొద్దు వాలిందాక కూసున్నం. అన్న ముంగట నాకు నోరు లెవ్వదిరా అన్నడు. గంతే."

"మరి నిన్నెందుకు తీసేసిండు?"

"మీ అమ్మ ముంగట ఎవలదో ఒకలది తప్పు కావాలె గద."

కనీసం నాయన పోయిన రోజు గేటు దగ్గరైనా నాకు చెప్పాల్సింది అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు.

"చెప్తే నమ్మేటోనివా పటేలా?"

కూతురు చాయ్ తెచ్చింది. నమ్మేవాణ్ని కాదు. ఆ మాట ఒప్పుకోవడానికే చాయ్ మొత్తం అయిపోయింది. తప్పయిందన్న మాట గొంతు దాకా వచ్చి, మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పని మాట కాబట్టి, దారి తెలియక ఆగిపోయింది. దాని బదులు, బండి బయట ఉంది, చూస్తావా అన్నాను.

"ఎందుకు?" అన్నాడాయన, కోపం లేకుండా.

తిరుగు దారిలో గేర్లు ఒక్కొక్కటి చప్పుడు లేకుండా పడ్డాయి. నాయన మిర్యాలగూడకు బయల్దేరిన నాటికి ఆయన వయసు ఎంతో, నా వయసు ఇప్పుడు దానికి దాదాపు రెండింతలు. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, ఎందుకు చేశావని అడిగేంత పెద్దవాణ్ని అయ్యేసరికి, అడగడానికి ఆయన లేడు.