ఫుల్ దగ్గర నిలిచిన ముల్లు

నలభై ఎనిమిదిలో, వానలు మొదలైన వారం, మాచర్ల స్టేషన్లో దిగాను. పొద్దున ఏడున్నర. భుజాన కిట్టుసంచి, చేతిలో పానాల పెట్టె. కృష్ణ ఒడ్డున ఉన్న మా క్యాంపుకి అక్కణ్నుంచి తొమ్మిది మైళ్లు. లారీ రెండుసార్లు రేగడి బురదలో దిగబడింది. చేరేసరికి పదకొండు.

పద్నాలుగు మందిమి, అయిదు గుడారాలు. అవతలి ఒడ్డు నైజాం. మా పని ఒడ్డు కాయడం: పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. మిలిటరీ అనగానే మీరు తుపాకుల సంగతి అడుగుతారు. అక్కడున్నన్నాళ్లూ నేను ఒక్క గుండు పేల్చలేదు. నేను డ్రైవరు మెకానిక్కుని. మనుషులు తక్కువ కాబట్టి కాపలా కూడా తప్పలేదు. నాకప్పగించింది ఒక పాత కారు.

ఎవరో జమీందారు వాడి వదిలేసిన బండి. ఇంజను గట్టిదే. పెట్రోలు మీటరు మాత్రం వట్టి అబద్ధాలకోరు. తాళం తిప్పగానే ముల్లు ఫుల్‌కి పోయి అక్కడే కూర్చునేది. ట్యాంకులో చుక్క లేకపోయినా అంతే. నా ముందు డ్రైవరు ఒక కందిపుల్లకి కత్తితో గాట్లు పెట్టి సీటు కింద ఉంచి వెళ్లాడు. ట్యాంకులో ముంచి, తడి ఏ గాటు దాకా వచ్చిందో చూసుకోవాలి. ఆ రోజుల్లో పల్నాడు బస్సు డ్రైవర్లందరికీ అలవాటైన పద్ధతే.

గురువారం పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడని, కారులో ప్రతిదీ పనిచేయాలని మా కెప్టెన్ హుకుం జారీచేశాడు. మంగళవారం మీటరు పట్టాను. ట్యాంకు దగ్గర తీగ ఊడదీశాను. ముల్లు ఫుల్‌లోనే ఉంది. ఆ తీగ కొసని కారు ఇనుముకి తాకించాను. ముల్లు ఖాళీకి పడింది. అంటే మీటరు మంచిదే, తీగ మంచిదే, జబ్బు ట్యాంకు దగ్గర. లోపల పెట్రోలు మీద తేలే బుడ్డి బాగానే ఉంది. దాన్ని బిగించిన చోట తుప్పు పట్టి ఎర్తు అందడం లేదు. తుప్పు గీకి కొత్త ఎర్తు తీగ వేశాను. మొత్తం నలభై నిమిషాలు. ముల్లు దిగివచ్చి పావు దగ్గర ఆగింది. పుల్ల ముంచి చూశాను. సరిగ్గా పావే.

కెప్టెన్ వచ్చి చూశాడు. మెచ్చుకుంటాడనుకున్నాను.

"నిన్నటిదాకా ఫుల్ ఉండేది. ఏం పాడుచేశావు?" అన్నాడు. ట్యాంకు నిండుగా ఉన్నట్టు లాగ్‌బుక్కులో రాసుందట. మాచర్ల నుంచి పెట్రోలు డ్రమ్ము శుక్రవారం గానీ రాదు. తనిఖీలోపు మీటరు బాగుచెయ్యమని చెప్పి వెళ్లిపోయాడు.

మా హవల్దారుది నరసరావుపేట. నన్ను పక్కకి తీసుకుపోయాడు.

"ఒరేయ్, పెద్దదొర ముల్లు చూస్తాడు గానీ ట్యాంకులో తలకాయ పెడతాడా ఏంది? దాన్ని మళ్లీ ఫుల్లో నిలబెట్టు."

తీగ ఊడదీసి కొసకి టేపు చుట్టాను. రెండు నిమిషాలు పట్టింది. "సీటు కింద ఈ పుల్లలేంది, చెత్త" అంటూ హవల్దారు ఆ కందిపుల్లని వంటపొయ్యిలో పారేశాడు.

గుడారాల చుట్టూ రాళ్లకి సున్నం కొట్టించారు. మేం తాగే నీళ్ల డ్రమ్ములో మాత్రం పురుగులు లుకలుకలాడుతూనే ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం. గురువారం మూడున్నరకి పెద్దాఫీసరు దిగాడు. కారు తాళం తిప్పించి, ముల్లు చూసి, "గుడ్" అన్నాడు. కెప్టెన్ మొహం వెలిగిపోయింది. నాలుగింటికి కాపలాకి వెళ్లిపోయాను.

శుక్రవారం పదకొండింటికి మా వంటవాడు మస్తాన్ పొయ్యి దగ్గరే ముడుచుకుపోయాడు. గురజాల కుర్రాడు, ఇరవై రెండేళ్లు. వాళ్ల నాయనది అక్కడే సైకిలు షాపు. ముందురోజు నుంచీ కడుపునొప్పి అంటుంటే హవల్దారు జీలకర్ర నమలమన్నాడు. మా క్యాంపు కాంపౌండరు కడుపు కుడిపక్క నొక్కి చూసి, వెంటనే ఆపరేషన్ చేయకపోతే బతకడన్నాడు. రైలు పొద్దున్నే పోయింది. వైర్‌లెస్‌ మనిషి పై ఆఫీసుని పిలిచాడు.

"ఆసుపత్రి బండి కావాలి. ఓవర్."

"బండి లేదు. మీ కారులో గురజాల తీసుకుపొండి. డాక్టరుకి కబురు పెడతాం. పెట్రోలెంతుంది? ఓవర్."

కెప్టెన్ స్వయంగా వెళ్లి తాళం తిప్పి చూశాడు. "ఫుల్!" అని కేకేశాడు.

నేను పక్కనే ఉన్నాను. డ్రమ్ము ఇంకా రాలేదని తెలుసు. ముల్లు అబద్ధమని తెలుసు. నోరు విప్పితే తీగ ఊడదీసింది నేనేనని ఒప్పుకోవాలి. పావు ట్యాంకుతో గురజాల చేరొచ్చని మనసులో లెక్కేసుకుని, కుక్కిన పేనులా నిలబడ్డాను. ఇంకో పుల్ల విరిచి ముంచడానికి ఎంతసేపు పట్టేది?

పన్నెండింటికి బయల్దేరాం. ఇద్దరమే. మస్తాన్ పడుకోలేక నా పక్క సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. మాచర్లలో బస్సుల షెడ్డు ముందునుంచే పోయాం. అక్కడ పెట్రోలు డబ్బాలున్నాయి. ఆగలేదు.

"అన్నా, కొంచెం తొందరగా పోనియ్యవా" అన్నాడు.

మాచర్ల దాటిన పదకొండో మైలు దగ్గర ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నేను కాపలాలో ఉండగా, ముందురోజు సాయంత్రం హవల్దారు పెద్దాఫీసరుని ఆ కారులోనే కృష్ణ ఒడ్డంతా షికారు తిప్పాడట. ఆ పావులో సగం దానికే ఖర్చయింది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

"ఏమైందన్నా? నిండా ఉంది గదా" అన్నాడు మస్తాన్, ముల్లు చూసి.

"ప్లగ్గు పట్టేసింది" అన్నాను.

గంట తర్వాత ఒక రైతు ఎడ్లబండి వచ్చింది. అప్పటికి మస్తాన్‌కి స్పృహ సరిగా లేదు. రైతు ట్యాంకు మూత తీసి ముక్కు పెట్టాడు. "వాసన కూడా లేదు గదయ్యా. మిలిటరీవాళ్లు, ఇంత చూసుకోరా?" అన్నాడు. ఇద్దరం మస్తాన్‌ని బండిలోకి ఎక్కించాం. గురజాల చేరేసరికి అయిదున్నర. అపెండిక్స్ లోపలే పగిలిపోయిందన్నాడు డాక్టరు. కోశాడు. శనివారం పొద్దున తొమ్మిదింటికి మస్తాన్ పోయాడు. వాళ్ల నాయన షాపులోంచి నూనె చేతులతోనే వచ్చాడు.

"కారుకి ఏంది బాబూ జబ్బు?" అని అడిగాడు. పనివాడు పనివాణ్ని అడిగినట్టే అడిగాడు. పాత బండి అన్నాను.

విచారణ కాగితంలో యంత్రలోపం అని రాశారు. కెప్టెన్ సంతకం, కింద నాది. నవంబరులో నన్ను ఇంటికి పంపారు. మా నూజెండ్లలో బస్సు దిగగానే మెళ్లో బంతిపూల దండ వేశారు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తుంది.

ఒకటి మాత్రం విచారణలోనూ చెప్పలేదు. ప్లగ్గు అని చెప్పాక నేను దిగి బానెట్ ఎత్తాను, నా మొహం అతనికి కనపడకూడదని. మస్తాన్ ఒక చేత్తో కడుపు పట్టుకుని ముందుకి ఒరిగి, రెండో చేతి బొటనవేలు స్టార్టరు బటన్ మీద పెట్టాడు. "నువ్వు చూసుకో అన్నా, నేను నొక్కుతా" అన్నాడు. బానెట్ చాటునుంచి నేను, "ఆఁ, నొక్కు" అన్నాను. నొక్కాడు. "మళ్లీ" అన్నాను. మళ్లీ నొక్కాడు.