జిక్కే కోసి చూసిన వేరు

జిక్కే ముప్పై ఏళ్ళు చేసిన పని ఒక్కటే: విశ్వవిద్యాలయంలో, నీళ్ళలో మునిగిన మొక్కల వేళ్ళను బ్లేడుతో పల్చగా కోసి భూతద్దం కింద పెట్టడం. రిటైరయ్యాక ఫ్రీస్‌లాండ్‌లోని తన పల్లపు చేలో మొక్కజొన్న వేసుకుంది. చేను నీళ్ళు కాలువలోకి పోవాలి. కాలువకి అడ్డంగా, నీళ్ళు ఆపడానికి వేసే పలకల్లో ఒకటి ఎక్కువైందా, చేను మునిగినట్టే. అక్క విట్‌స్కే ఆసుపత్రిలో చేరితే, పలకలు ఎత్తే ఇనప కొక్కేన్ని పక్కింటి సీబ్రెన్ చేతిలో పెట్టి వెళ్ళింది. పెట్టక ఏం చేస్తుంది? ఇరవై ఏళ్ళుగా రోజూ పదింటికి పెరటి తలుపు తోసుకొచ్చి, ఆమె వంటింట్లో కాఫీ తాగే మనిషాయె!

ఆమె ఊళ్ళో లేని రెండు వారాలూ సీబ్రెన్ రోజూ సాయంత్రం ఫోన్ చేశాడు. "చేను నిక్షేపంలా ఉంది, నువ్వు అక్కని చూసుకో" అన్నాడు.

తీరా వచ్చి చూస్తే చేలో చీలమండ లోతు నీళ్ళు. ఆకులు పాలిపోయాయి.

"నిన్నటి వాన, జిక్కే! ఆకాశానికి చిల్లు పడిందనుకో" అన్నాడు సీబ్రెన్.

నమ్ముదామనే అనుకుంది పిచ్చిది. కానీ ముప్పై ఏళ్ళ చెయ్యి ఊరుకుంటుందా? ఒక మొక్క పీకింది. కాండం మొదట్లో వేలెడేసి తెల్లటి కొత్త వేళ్ళు. అవి రాత్రికి రాత్రి పుట్టేవి కావు. ఒకదాన్ని అడ్డంగా కోసి భూతద్దం పెట్టింది. లోపలంతా రొట్టెముక్కలా గుల్లలు. నీళ్ళు నిలిచి వేరుకి ఊపిరాడకపోతే లోపలి కణాలు కొన్ని తమను తామే కరిగించుకుని చచ్చిపోతాయి. అవి ఖాళీ చేసిన చోటునుంచే పైగాలి కిందికి దిగుతుంది.

"పది రోజులైంది నీళ్ళు నిలిచి. పలక వేసింది నువ్వేగా?"

సీబ్రెన్ టోపీ సర్దుకున్నాడు. "మెరక మీద నా గడ్డి ఎండిపోతోంది మరి, కాలువలో నీళ్ళు పెరిగితేనే దానికి అందుతాయి. మొక్కజొన్న నీళ్ళకి తట్టుకుంటుంది, గాలిగొట్టాలు కట్టుకుంటుందని నువ్వే గదా వందసార్లు చెప్పావ్! నీ మాట నమ్మే వేశా."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే! జిక్కేకి ఒళ్ళు మండిపోయింది.

"చచ్చి కట్టుకుంటుందని కూడా చెప్పాను. అప్పుడు బిస్కెట్టు నములుతున్నావు కాబోలు, వినపడలేదు. పోనీ వేశావు. రోజూ ఫోన్లో నిక్షేపంలా ఉందనడానికి నోరెలా వచ్చిందయ్యా? కొక్కెం ఇటివ్వు."

ఇచ్చాడు.

మర్నాడు పదింటికి అలవాటుకొద్దీ రెండు కప్పులు తీసింది. కిటికీలోంచి సీబ్రెన్ వస్తూ కనిపించాడు. జిక్కే లేచి, ఇరవై ఏళ్ళుగా ఎవరూ ముట్టని పెరటి తలుపు గడియ పట్టుకుంది. తుప్పుపట్టి బిగిసిపోయిన దాన్ని వెయ్యడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి.