పెళ్లిగుర్రం పథ్యం

మా గుర్రానికి పెళ్లి ఊరేగింపులు తప్ప వేరే పని లేదు. వానాకాలమంతా పచ్చగడ్డి మేసి పీపాలా ఒళ్లు చేసింది. చలికాలంలో దాణా మాన్పించి ఎండు చొప్పే వేశాను. అది నా మొహం చూడటం మానేసింది. ఎండాకాలానికి పక్కటెముకలు చేతికి తగిలాయి. అంతలోనే పెళ్లిళ్లొచ్చాయి.

పెళ్లికొడుకు ఎక్కగానే అతని అక్కచెల్లెళ్లు గుర్రానికి నానబెట్టిన శనగపప్పు తినిపించాలి. కమఠాణ ఊళ్లో జరిగిన పెళ్లిలో నలుగురు అక్కలు, నాలుగు పళ్లాలు.

"సాలక్కా, ఇగ పెట్టకు. మస్తు కష్టపడి తగ్గించిన," అన్నాను.

పెద్దక్క నా చెయ్యి తోసేసింది. "ఏందన్నా, శుభమా అని పెడ్తుంటే అడ్డమొస్తవు? బక్కచిక్కింది పాపం. నువ్వు మేతేస్తలేవా దీనికి?"

కళ్లెం వదులు చేశాను. పప్పు నములుతూ, ఇన్ని నెలల తర్వాత, గుర్రం నావైపు చూసింది.