వంచిన ఫైళ్లు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను జమ్మలమడుగు దగ్గరి ఒక ప్రభుత్వాసుపత్రికి డెంటల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ప్రొద్దుటూరు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి.

పంటి వేరులోని సన్నటి కాలువను అరగదీసి, శుభ్రం చేసి, పూడ్చడమే రూట్ కెనాల్. అరగదీసే సూదిలాంటి పనిముట్టు ఫైలు. మాకిచ్చినవి స్టీలువి. లావయ్యేకొద్దీ బిరుసు, పైగా మొన కూడా కోస్తుంది. వేరేమో కొసన వంకర తిరుగుతుంది. తిన్నటి స్టీలు ఫైలు ఆ వంపు తిరగదు, ఎదురుగా ఉన్న గోడను తొలుస్తుంది. అందుకే ఎక్స్‌రే చూసి ఫైళ్ల కొసలు ముందే వంచి పెట్టుకునేవాణ్ణి.

సుబ్బిరెడ్డి అనే రైతు కింది దవడ పన్ను నొప్పితో వచ్చాడు. "ఆ పక్క పండ్లన్నీ పోయినాయి సార్. రొట్టె నమిలేది దీంతోనే. పీకద్దు సామీ" అన్నాడు. వేరు వంకరగా ఉందని, అయినా నిలబెడతానని చెప్పాను. కొలత తీసి, ఫైళ్లు వంచి ట్రేలో పెట్టి, వారం తర్వాత రమ్మన్నాను.

ఈలోగా నేను పులివెందుల క్యాంపులో ఉన్న రోజు ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. ఆయనది దంతవైద్యం కాదు. వంకర ఫైళ్లు చూసి, సామాను పాడు చేస్తున్నారని సిస్టర్ రమాదేవిని పదిమందిలో తిట్టాడు. ఆమె భయపడి ఒక్కొక్కటీ తిన్నగా సాపు చేసి పెట్టింది.

మర్నాడే సుబ్బిరెడ్డి వచ్చాడు. ఫైలు సగం దిగి ఆగింది. తోశాను. రక్తం వచ్చింది. ఎక్స్‌రేలో చూస్తే మొన వేరును చీల్చుకుని బయటికొచ్చింది. ఆ రంధ్రం పూడ్చే మందు మా దగ్గర లేదు. పన్ను పీకాను.

"వంకరుందని నువ్వే చెప్తివి గదా సార్, మళ్ల యాడికి తోస్తివి?" అన్నాడు సుబ్బిరెడ్డి.

ట్రేలో ఫైళ్లన్నీ తిన్నగా ఉండటం అప్పుడు చూశాను. తనిఖీ సంగతి తెలిసి ఒళ్లు మండిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు సిస్టర్ మీద అరిచాను. ఆమె ఒకటే అంది: "పొద్దున చెప్పబోతే, తర్వాత చూద్దాం పో అంటిరి సార్." నిజమే, ఓపీ రద్దీలో ఆ మాట అన్నది నేనే.

జరిగింది పై అధికారులకు ఘాటుగా రిపోర్టు రాశాను. జవాబుగా, పరికరాలను తిన్నగా ఉంచవలెనని నాకే మెమో వచ్చింది. తెలియని పనిలో వేలు పెట్టిన ఆ అధికారిని నేను ఈనాటికీ క్షమించలేదు.

తర్వాత మా ఆసుపత్రికి నికెల్ టైటానియం ఫైళ్లు వచ్చాయి. వాటి మొన మొద్దు, వంపుతో పాటు అవే వంగుతాయి. అయినా బలవంతం చేస్తే విరుగుతాయి. నోట్లో పెట్టేముందు ఫైలును చూడాలి, ఆగితే తోయకూడదు. ఈ రెండూ నాకు కాలేజీలోనే చెప్పారు. వంటబట్టడానికి సుబ్బిరెడ్డి పన్ను పోవలసి వచ్చింది.